లాప్‌టాప్ ఉంటే చాలు, మాలగా మనదేనా?

అమెరికా వీసా లాటరీలతో విసుగెత్తిన తెలుగు సాఫ్ట్‌వేర్ కుటుంబాల్లో కొంతకాలంగా ఒక మాట చెలామణీ అవుతోంది. గ్రీన్‌కార్డు క్యూలో జుట్టు నెరిపించుకోవడం దేనికి, స్పెయిన్ తీరానికి వెళ్లి హాయిగా స్థిరపడొచ్చు కదా అని. వీడియోలు చేసేవాళ్లు చెబుతున్నారు, చూసినవాళ్లు నమ్ముతున్నారు, గృహప్రవేశాల్లో భోజనాల దగ్గర అదే మాట పక్కవాళ్లకు చెబుతున్నారు.

వాళ్ల వాదనను ముందు వాళ్లు చెప్పినట్టే చెప్పాలి. దక్షిణాన మాలగా, దానికి అటూ ఇటూ బెనాల్మాదెన, ఫ్వెన్హిరోలా, నెర్హా లాంటి చిన్న పట్టణాలు. తూర్పు తీరంలో అలికాంతే, వాలెన్సియా. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ. యూరోపియన్ యూనియన్‌లోనే అత్యధిక ఆయుర్దాయం ఉన్న దేశాల్లో స్పెయిన్ ఒకటి, సుమారు 84 ఏళ్లు. ప్రభుత్వ వైద్యం బాగుంటుంది. రాత్రి పదకొండింటికి కూడా పిల్లలు చౌరస్తాలో ఆడుకుంటారు, నడిచే దూరంలో అన్నీ దొరుకుతాయి. పైగా 2022 డిసెంబరులో తెచ్చిన స్టార్టప్‌ల చట్టంతో విదేశీ కంపెనీకి దూరం నుంచి పనిచేసేవాళ్లకు నివాస అనుమతి దొరుకుతోంది. కాబట్టి, బయటి నుంచి జీతం వస్తే చాలు, మిగతాది అలవాటు పడటమే అంటారు.

ఈ వాదనలోని ఆధారాలన్నీ నిజమే. 'కాబట్టి' అన్న మాట దగ్గరే అబద్ధం మొదలవుతుంది. దూరపు కొండలు నునుపు అనేసి వదిలేద్దామంటే ఆ సామెత కూడా ఇక్కడ సరిపోదు. దగ్గరికి వెళ్లినవాళ్లు కూడా నునుపే అంటున్నారు, ఎందుకంటే వాళ్లు కొండ కింద కాఫీ తాగి వచ్చారు తప్ప ఎక్కలేదు. ఆ వాదనలో భాగంగా వినిపించే మాటలను ఒక్కొక్కటిగా తీసుకుందాం.

1. "అక్కడ బతకడం చవక"

ఎవరికి చవక? ఈ ఒక్క ప్రశ్న వేస్తే సగం వాదన కూలిపోతుంది.

దూరం నుంచి పనిచేసేవాళ్లకు స్పెయిన్ నివాస అనుమతి ఇవ్వాలంటే నెల ఆదాయం ఆ దేశపు కనీస వేతనానికి కనీసం రెట్టింపు ఉండాలి. 2025లో కనీస వేతనం 1,184 యూరోలు. ఏడాదికి 14 జీతాలు ఇస్తారు కాబట్టి పన్నెండు నెలలకు పంచితే నెలకు 1,381 పడుతుంది. దాని రెట్టింపు సుమారు 2,760 యూరోలు. అంటే ఊళ్లో కనీస వేతనం మీద హోటల్ గదులు తుడిచే మనిషి సంపాదనకు కనీసం రెండింతలు సంపాదించేవాళ్లకే చట్టం గేటు తీస్తోంది. ఆ గేటులోంచి లోపలికొచ్చినవాళ్లు చుట్టూ చూసి "అబ్బ, ఎంత చవక!" అంటే, వాళ్లు కొలిచింది తమ జీతాన్ని. ఆ ఊరి ధరల గురించి దాంతో తెలిసేదేమీ లేదు.

మాలగాలో 2025 నాటి అద్దె ప్రకటనల్లో చదరపు మీటరుకు నెలకు 15 యూరోల చుట్టూ అడిగారు. 70 చదరపు మీటర్ల ఇల్లు, మన లెక్కలో 750 చదరపు అడుగులు, వెయ్యి యూరోలు దాటుతుంది. కనీస వేతనం మీద బతికే మనిషికి మిగిలేది 300 చిల్లర. అందులో తిండి, కరెంటు, బస్సు. 2024 జూన్ 29న మాలగాలో వేలమంది వీధుల్లోకి వచ్చి, ఈ ఊరు బతకడానికి, పూట గడుపుకోవడానికి కాదు అని నినదించింది ఇందుకే. ఆ మరుసటి వారమే బార్సిలోనాలో నిరసనకారులు హోటళ్ల ముందు కూర్చున్న పర్యాటకుల మీద నీటి తుపాకులు పేల్చారు. చవక ఊళ్లలో ఇలా జరగదు.

2. "ఇల్లు దొరకడం పెద్ద పని కాదు, కావలసినన్ని ఉన్నాయి"

ఈ మాట సెప్టెంబరులో వెళ్లినవాళ్లు చెబుతారు. నిజమే, సెప్టెంబరులో దొరుకుతాయి. సముద్రతీర పట్టణాల్లో ఇళ్ల యజమానులు చాలామంది సెప్టెంబరు నుంచి జూన్ దాకా మాత్రమే అద్దెకిస్తారు. జూలై, ఆగస్టుల్లో వారం లెక్కన పర్యాటకులకిస్తే ఏడాది అద్దెలో పెద్ద ముక్క రెండు నెలల్లో వస్తుంది. అందుకని జూన్ చివర మీరు సామాను సర్దుకోవాలి. పక్క ఊరికి బదిలీ మీద వచ్చిన బడి టీచరు కూడా అంతే. మనవాళ్లు ఆ రెండు నెలలూ ఇండియా వచ్చి "సెలవులకొచ్చాం" అంటారు. ఏటా ఇల్లు ఖాళీ చేసి వచ్చేవాళ్లను స్థిరపడ్డవాళ్లని ఎలా అనగలం?

స్పెయిన్ అద్దె చట్టం చెడ్డదేమీ కాదు. మామూలు నివాసపు ఒప్పందమైతే అద్దెకున్న మనిషి ఐదేళ్ల వరకూ ఉండొచ్చు. చట్టం ప్రకారం డిపాజిట్ ఒక నెల అద్దె, అదనపు హామీ అడిగినా రెండు నెలలకు మించకూడదు. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు కట్టినవాళ్లకు ఇది కలలా అనిపిస్తుంది. కానీ ఈ రక్షణలు 'తాత్కాలిక' ఒప్పందానికి వర్తించవు. చదువు కోసమో, కొద్దికాలపు ఉద్యోగం కోసమో వచ్చినవాళ్ల కోసం పెట్టిన ఆ వెసులుబాటును యజమానులు పదకొండు నెలల కాగితంగా మార్చుకున్నారు. పరాయిదేశం నుంచి వచ్చి, భాష రాక, పోటీలో ఇల్లు దొరికిందే చాలనుకునేవాళ్ల చేత ఆ కాగితం మీద సంతకం పెట్టించడం ఏమంత కష్టం?

అసలు దెబ్బ ఆ తర్వాత తెలుస్తుంది. స్పెయిన్‌లో ఏ ఊళ్లో ఉంటున్నా ఆ ఊరి మునిసిపాలిటీలో నివాసులుగా పేరు రాయించుకోవాలి. ఆ జాబితాను పాద్రోన్ అంటారు. అది హక్కు, బాధ్యత కూడా. పిల్లల బడి, ఆరోగ్య కేంద్రంలో డాక్టరు, చాలా ప్రభుత్వ పనులు దానితోనే ముడిపడి ఉంటాయి. తాత్కాలిక ఒప్పందం ఇచ్చిన యజమాని చాలాసార్లు "ఈ చిరునామా మీద పేరు రాయించొద్దు" అంటాడు. మీరు రాయించుకుంటే ఇది సెలవుల ఇల్లు అనే అతని కథ చెల్లదు మరి. చట్టం మీ వైపే ఉంది. అయితే ఆ సంగతి అతనితో స్పానిష్‌లో వాదించగలగాలి, వాదించాక కూడా ఆ ఇంట్లో ఉండగలగాలి.

మాలగా నగరపాలక సంస్థ 2025 జనవరి నుంచి 43 పేటల్లో కొత్త పర్యాటక ఇళ్ల నమోదు ఆపేసింది. బార్సిలోనా మేయరు జౌమె కొల్బోని 2028 నవంబరు కల్లా నగరంలోని 10,101 పర్యాటక ఫ్లాట్ల లైసెన్సులు ఒక్కటీ మిగల్చనని ప్రకటించాడు. ఇళ్లు కావలసినన్ని ఉన్న చోట పాలకులు ఇంత దూరం వెళ్తారా?

3. "కాగితాల పని ఒక్కసారే, తర్వాత నిశ్చింత"

జగిత్యాల నుంచో కోనసీమ నుంచో గల్ఫ్ వెళ్లే కూలీ ఈ మాట అనడు. కాగితం అంటే ఏమిటో అతనికి తెలుసు. లాప్‌టాప్ కూలీకే తెలియదు.

దేశంలో దిగిన నెలలోపు విదేశీయుల గుర్తింపు కార్డుకు దరఖాస్తు పెట్టాలి. దానికి పోలీసు కార్యాలయంలో ముందస్తు అపాయింట్‌మెంట్ కావాలి. వెబ్‌సైట్ తెరిస్తే ఖాళీలు లేవంటుంది, మర్నాడు తెరిచినా అదే. ఆ అపాయింట్‌మెంట్లను సాఫ్ట్‌వేర్‌తో టోకున పట్టేసి అమ్ముకునే ముఠాలను స్పెయిన్ పోలీసులే అరెస్టు చేశారు. సినిమా టికెట్ల బ్లాకు మనకు కొత్త కాదు గానీ, ప్రభుత్వ కార్యాలయం ముందు నిలబడే హక్కునే బ్లాకులో కొనే స్థితి వస్తే దాన్ని 'హాయి' అనడానికి గట్టి గుండె కావాలి.

తర్వాత పన్ను. ఏడాదిలో 183 రోజులు దాటి ఉంటే స్పెయిన్ పన్ను నివాసి అవుతారు, అప్పుడు ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా చూపించాలి. బయట ఉన్న ఆస్తి ఏ ఒక్క తరగతిలోనైనా, బ్యాంకు డిపాజిట్లు గానీ షేర్లు గానీ స్థలాలు గానీ, 50,000 యూరోలు దాటితే 720 నంబరు ఫారంలో ప్రకటించాలి. శంషాబాద్ దగ్గర ప్లాటు, అమ్మానాన్నల పేరు కలిపిన ఎఫ్‌డీ ఉన్న ఏ మధ్యతరగతి కుటుంబమైనా ఈ గీత దాటేస్తుంది. ఈ ఫారం జరిమానాలు ఎంత దారుణంగా ఉండేవంటే, 2022 జనవరిలో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం అవి మితిమీరినవని తప్పుపట్టింది. ఫారం మాత్రం పోలేదు.

దీనికి విరుగుడుగా అందరూ చెప్పేది 'బెకహమ్ చట్టం'. ఫుట్‌బాల్ ఆటగాడు డేవిడ్ బెకహమ్ పేరుతో వ్యవహారంలోకి వచ్చిన ఈ ఏర్పాటులో జీతం మీద 6,00,000 యూరోల వరకూ 24 శాతం స్థిర పన్ను. వచ్చిన సంవత్సరం, దాని తర్వాత ఐదేళ్లు. బాగుంది. ఆరు నెలల గడువులో దరఖాస్తు పెట్టకపోతే ఆ అవకాశం పోయినట్టేననే సంగతి వీడియోల్లో ఎక్కడో చివర వస్తుంది, వస్తే. ఆరేళ్లు గడిచాక మామూలు మెట్ల పన్ను. చాలామంది సరిగ్గా అప్పుడే తర్వాతి దేశం వెతుక్కుంటారు.

కారు నడపాలన్నా ఇదే కథ. లైసెన్సు మార్చి ఇచ్చే దేశాల జాబితాలో భారత్ లేదు. నివాసం వచ్చిన ఆరు నెలల తర్వాత మన లైసెన్సు చెల్లదు, ఇరవయ్యేళ్లు హైదరాబాద్ ట్రాఫిక్‌లో నడిపినా సరే మళ్లీ పరీక్ష రాయాల్సిందే. పౌరసత్వమంటారా, ఫిలిప్పీన్స్, లాటిన్ అమెరికా దేశాలవాళ్లకు రెండేళ్లు, మనకు పదేళ్లు. ఆపైన భారత పౌరసత్వం వదులుకోవాలి. గ్రీన్‌కార్డు క్యూ తప్పించుకుందామని వచ్చినవాళ్లకు ఈ లెక్క ఎవరూ ముందుగా చెప్పినట్టు లేదు.

4. "అక్కడ జీవితం నెమ్మది"

నెమ్మదిగా ఉన్నది మీరు కూర్చున్న కుర్చీ. దాని వెనక నిలబడ్డ మనిషి సంగతి చూడండి. తీర పట్టణాల్లో వెయిటర్ల పని చాలాచోట్ల రెండు ముక్కలు: మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా, మళ్లీ రాత్రి ఎనిమిది నుంచి అర్ధరాత్రి దాకా. మధ్యలో ఇంటికి వెళ్లి వచ్చేంత దగ్గర్లో అద్దెకు దొరకదు. సీజన్ అయిపోతే వాళ్లలో చాలామందికి శీతాకాలమంతా పని ఉండదు. ఇబిజా దీవిలో సీజన్ పనివాళ్లు వ్యాన్లలో, గుడారాల్లో నిద్రపోతున్నారు. వారానికి 40 గంటల పనిని 37.5కు తగ్గించే బిల్లును 2025 సెప్టెంబరులో స్పెయిన్ పార్లమెంటు తిప్పికొట్టింది. నెమ్మది ఆ దేశపు సంస్కృతి అనేవాళ్లు ఈ ఓటు సంగతి ఎందుకు ఎత్తరో!

పోనీ, లాప్‌టాప్ మనిషికైనా నెమ్మది దక్కుతుందా? న్యూయార్క్ గడియారం మాలగా కంటే ఆరు గంటలు వెనక. అక్కడ ఉదయం తొమ్మిదికి మొదలయ్యే పని ఇక్కడ మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పదకొండు దాకా సాగుతుంది. కాలిఫోర్నియా క్లయింటైతే అర్ధరాత్రి దాటిపోతుంది. ఊరంతా సాయంత్రం వీధిలో నడుస్తున్నప్పుడు ఈయన కిటికీలు మూసుకుని కాల్‌లో ఉంటాడు. ఊరితో పరిచయం పెరిగే గంటలే అమ్ముడుపోయాక ఊరెలా తెలుస్తుంది?

5. "వాతావరణం స్వర్గం"

ఎండ నిజమే. అయితే ఆ ఇళ్లను ఎండను తప్పించుకోవడానికి కట్టారు. నేల పలకలు, సన్నటి గోడలు, హీటింగ్ లేని గదులు. జనవరిలో వీధిలో చొక్కాతో తిరిగి ఇంట్లోకొచ్చి స్వెటర్ వేసుకోవాలి. అల్మారాలో బట్టలకు బూజు పడుతుంది. నారింజ రంగు బ్యూటేన్ సిలిండరు మోసుకుంటూ నాలుగో అంతస్తు ఎక్కే దృశ్యం ఏ వీడియోలోనూ ఉండదు. వేసవిలో లోపలి కొండల వైపు నుంచి తెర్రాల్ అనే వడగాలి వీస్తే మాలగా మన రెంటచింతలే.

ఇది అసౌకర్యాల పట్టిక. ప్రాణాల సంగతి వేరు. 2024 అక్టోబరు 29న వాలెన్సియా ప్రాంతంలోని తురీస్‌లో 24 గంటల్లో 771 మిల్లీమీటర్ల వాన పడింది. 220 మందికి పైగా చనిపోయారు. ఫోన్లకు హెచ్చరిక వచ్చేసరికి రాత్రి 8:11, అప్పటికే వీధులు నదులయ్యాయి. 1957 వరద తర్వాత తూరియా నదిని నగరానికి దక్షిణంగా మళ్లించి పాత నదీగర్భాన్ని ఉద్యానవనం చేశారు. అందరూ ఫొటోలు దిగే తోట అదే. 2024లో నగర కేంద్రం చాలావరకూ బయటపడింది, కొత్త కాలువకు దక్షిణాన ఉన్న పైపోర్తా లాంటి ఊళ్లు మునిగాయి. చవకగా ఇల్లు దొరికేదీ అలాంటి ఊళ్లలోనే. వరద ముప్పు పటాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి, సముద్రం కనబడే బాల్కనీ కోసం వెతికేవాళ్లు వాటి ముఖం చూడరు.

అదే ఏడాది మొదట్లో మాలగా తూర్పున లా విన్యువేలా జలాశయంలో నీళ్లు 8 శాతం కిందికి దిగిపోయాయి. ఆ లోయలో మామిడి, అవకాడో తోటలు. ఒక పక్క తోటలు, ఒక పక్క ఈతకొలనుల విల్లాలు, మధ్యలో రాత్రిపూట కుళాయి కట్టేసిన ఊళ్లు.

6. "ఇంగ్లీషు చాలు"

బీచ్ పక్క బారులో చాలు. ఆరోగ్య కేంద్రంలో నొప్పి ఎక్కడో చెప్పడానికి చాలదు. అలికాంతే దగ్గర సాన్ ఫుల్హెన్సియో, రోహాలెస్ లాంటి ఊళ్లలో నివాసుల్లో సగానికి పైగా విదేశీయులే. ఇంగ్లీషు దుకాణాలు, ఇంగ్లీషు వకీళ్లు, ఇంగ్లీషు చర్చి. అక్కడ ఇరవయ్యేళ్లు ఉండి రొట్టె కొనడానికి మించి భాష రానివాళ్లున్నారు. నడివయసులో అది స్వేచ్ఛలా ఉంటుంది. దంపతుల్లో ఒకరు పోయి, మిగిలినవాళ్లు ఆసుపత్రి మంచం మీద నర్సు మాట అర్థంకాక పడుకున్నప్పుడు అది శిక్ష.

పిల్లలున్నవాళ్లకు ఇంకో సంగతి. బార్సిలోనా తీరంలో ప్రభుత్వ బడి ప్రధానంగా కాటలాన్‌లో నడుస్తుంది. వాలెన్సియాలో వాలెన్సియన్ కూడా అధికార భాషే. స్పానిష్ నేర్చుకుని వెళ్లినా సరిపోదు.

మనవాళ్లు అక్కడికి వెళ్లడం కొత్తా కాదు. సింధీ వర్తకులు 19వ శతాబ్దంలోనే స్పెయిన్ పక్కనున్న జిబ్రాల్టర్ చేరారు. ఆఫ్రికా ఒడ్డున ఉన్న స్పెయిన్ నగరం సియూటాలో, మాలగా తీరంలో వాళ్ల దుకాణాలు, కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. స్పానిష్ వాళ్ల వ్యాపార భాష, పిల్లల బడి భాష. సముద్రం చూస్తూ స్థిరపడలేదు వాళ్లు. సరుకు దించి, అప్పులిచ్చి, వసూళ్లు చేసి, కౌంటరు వెనక నిలబడి స్థిరపడ్డారు.

7. "మనం డబ్బు తెస్తున్నాం, ఊరికి మేలే కదా"

ఈ వాదనల్లో ఇది బలమైనది. నిజంగానే విదేశీ జీతం స్థానిక దుకాణంలో ఖర్చవుతుంది. కానీ ఆ డబ్బు మొదట చేరేది ఇంటి యజమాని జేబులోకి, అదే వీధిలో అద్దెకున్న నర్సుకు వచ్చే ఏడాది పెరిగిన అద్దెగా తిరిగొస్తుంది. పన్ను కడుతున్నామంటారా, మీకు 24 శాతం దగ్గర గీత గీసి ఆపారు. స్థానికురాలికి ఆదాయం పెరిగేకొద్దీ మెట్లు 30, 37 శాతాల మీదుగా పైకి పోతాయి. ఆమె పన్నుతో నడిచే ఆసుపత్రి, ఆమె పన్నుతో శుభ్రమయ్యే బీచ్. మేలు చేస్తున్నాం అనే గొంతు కొంచెం తగ్గిస్తే మంచిది.

అదే తీరంలో, అల్మెరియా దగ్గర 30,000 హెక్టార్లకు పైగా ప్లాస్టిక్ కప్పు కింద టమాటాలు, దోసకాయలు పండుతున్నాయి. మొరాకో నుంచి, పశ్చిమాఫ్రికా నుంచి వచ్చినవాళ్లు అక్కడ పనిచేస్తారు. కాగితాలు లేనివాళ్లు ఏళ్ల తరబడి ఉండి, ఉన్నట్టు రుజువు చేసుకుని, నివాసం సంపాదించుకుంటారు. ఆ గడువు మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది 2025 మేలోనే. వాళ్లూ పరాయిదేశం నుంచి వచ్చినవాళ్లే, భాష నేర్చుకున్నారు, పాద్రోన్‌లో పేరుంది, ఆగస్టులో ఊరు వదిలి పోరు. అలవాటు పడటమే అర్హతైతే ఆ ఊళ్ల మీద మొదటి హక్కు వాళ్లది.

వెళ్లొద్దని నేను అనడం లేదు. మూడు నెలలు పర్యాటకులుగా ఉండి రండి, అందులో చిన్నతనం లేదు. స్థిరపడతామని మాత్రం అనాలనుకుంటే, ముందు స్పానిష్ తరగతిలో చేరండి. ఇల్లు చూడటానికి జూన్‌లో వెళ్లకండి, నవంబరులో వెళ్లండి, వాన పడే రోజున చూడండి, వరద పటం దగ్గర పెట్టుకోండి. ఐదేళ్ల ఒప్పందం అడగండి. పాద్రోన్‌లో పేరు రాయించుకోవడానికి వీల్లేదని యజమాని అంటే, బాల్కనీలోంచి ఎంత సముద్రం కనిపించినా ఆ ఇల్లు తీసుకోకండి.